ఇమ్యూనిటీ పదింతలట!

ఈ నెలలో ఇమ్యూనిటీ మీద ఒకే సందేశం నాకు ఏడుసార్లు వచ్చింది. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చూసి వదిలేశాను. తరువాత మా పెద్దవదిన పంపితే రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఏడోసారి పంపినవాడు ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ బైపీసీలో జంతుశాస్త్రం చదువుకున్న కుర్రవాడు. ఇప్పుడు బ్యాంకు మేనేజరు. "మాస్టారూ, చాలా ఉపయోగపడే సమాచారం. మీరు కూడా నలుగురికీ పంపండి" అని కింద ఒక ముక్క చేర్చాడు. ఇమ్యూనిటీ పాఠం వాడికి చెప్పింది నేనే. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా వస్తే బొమ్మ గీసి మరీ రాశాడు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

సందేశం పేరు "ఇమ్యూనిటీని పదింతలు పెంచే తొమ్మిది రహస్యాలు". చెప్పినది "ఒక ప్రముఖ వైద్యుడు". ఆయనకు పేరు లేదు, ఊరు లేదు. ఇంకా అందని అదృష్టవంతుల కోసం సారాంశం చెబుతాను. ఒకటి, ఇమ్యూనిటీ అనేది ఒంట్లో ఉండే ఒక శక్తి, పెంచినకొద్దీ మంచిది. రెండు, తెల్ల రక్తకణాలు ఎంత ఎక్కువ ఉంటే అంత బలం. మూడు, జ్వరం వచ్చిందంటే ఇమ్యూనిటీ పడిపోయినట్టు. నాలుగు, నిమ్మరసం తాగితే రక్తం క్షారంగా మారి వైరస్ చచ్చిపోతుంది. ఐదు, అలర్జీలు ఇమ్యూనిటీ తక్కువవారికి వస్తాయి, పల్లె పిల్లలకు రావు. ఆరు, తిప్పతీగ కషాయం రెండు పూటలా జీవితాంతం తాగాలి. ఏడు, ఏడాదికొకసారి యాంటీబయాటిక్ కోర్సు వాడితే ఒంట్లో యాంటీబాడీలు నిండుగా ఉంటాయి. ఎనిమిది, పిల్లలకు తట్టు సహజంగా రానివ్వాలి, టీకాలతో వారి ఇమ్యూనిటీని అలసిపోనివ్వకూడదు. తొమ్మిది, జున్ను తినాలి.

వరుసగానే వస్తాను. ఎనిమిదోదాన్ని మాత్రం తీరిగ్గా పట్టుకుంటాను.

మొదటి అంశంలో తప్పు కొంత వారిది, కొంత మన మాటది. రోగనిరోధక "శక్తి" అన్నాం. శక్తి అనగానే ట్యాంకులో నీళ్లలాగా, ఫోనులో ఛార్జింగులాగా ఒక మట్టం కళ్ల ముందు కదులుతుంది. తగ్గితే నింపాలి, నిండితే భేష్. తెలుగు అకాడమీ పుస్తకాల్లో "అసంక్రామ్యత" అనే మాట ఉండేది కానీ, పాపం, నోరు తిరగక పరీక్ష హాలు దాటి బయటకు రాలేదు. అసలు ఇమ్యూనిటీ అన్న మాటకు మూలం లాటిన్‌లో ఉంది. పన్నుల నుంచి, ఊరుమ్మడి పనుల నుంచి మినహాయింపు పొందినవాడిని రోమన్లు "ఇమ్యూనిస్" అనేవారు. దీనికి మన దగ్గర చక్కని మాట ఉండనే ఉంది: మాన్యం. శిస్తు లేకుండానో, నామమాత్రపు శిస్తుతోనో అనుభవించే భూమి. మాన్యం ఫలానా చెక్కకు ఉంటుంది తప్ప మనిషికున్న భూమి మొత్తానికి వర్తించదు. ఇదీ అంతే. తట్టు మాన్యం సంపాదించినవాడు గవదబిళ్ళలకు శిస్తు కట్టవలసిందే.

ఎందుకంటే మన తెల్ల రక్తకణాల్లోని బి కణాలూ టి కణాలూ ఒక్కొక్కటి ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టేలా తయారవుతాయి. ఏ క్రిమి వస్తుందో ఎవరికీ తెలియకముందే లెక్కలేనన్ని రకాలు సిద్ధంగా తిరుగుతూ ఉంటాయి. క్రిమి వచ్చాక దానికి సరిపడిన కణం ఏదో అది మాత్రమే వేలకు వేలుగా పెరుగుతుంది. పని ముగిశాక కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్ 1957లో ప్రతిపాదించిన సిద్ధాంతమిది. కాలికి దెబ్బ తగిలి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటాం కదా, ఆ బిళ్ళ లోపల జరిగేది ఈ ఎంపికే. మరి పదింతలు పెంచేది దేనిని? ధనుర్వాతం విషాన్ని గుర్తుపట్టే కణాన్నా, గవదబిళ్ళల వైరస్‌ను గుర్తుపట్టే కణాన్నా? అల్లం ముక్కకు ఆ తేడా ఎవరు చెప్పారు?

సరే, అన్నింటినీ ఒకేసారి లేపవచ్చు కదా అంటారు. లేపి చూశారు. 2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు టీజీఎన్ 1412 అనే కొత్త మందు ఎక్కించారు. టి కణాలను నేరుగా తట్టిలేపే మందు అది. జంతువులకు హాని చేయని మోతాదులో 500వ వంతే ఇచ్చారు. గంటన్నర తిరిగేసరికి తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వాంతులు మొదలయ్యాయి. మరునాటికి ఆరుగురి ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ మొరాయించాయి. అందరూ బతికి బయటపడ్డారు కానీ ఒకరు కాలివేళ్లు, కొన్ని చేతివేళ్ల కొనలు పోగొట్టుకున్నారు. ఆ యువకుల ఒంట్లో ఏ క్రిమీ లేదు. పెరిగిన ఇమ్యూనిటీ ఒక్కటే ఉంది.

ఈ వ్యవస్థ పడే శ్రమలో సగం తనను తాను ఆపుకోవడానికే పోతుంది. గుండె పైభాగాన ఉండే థైమస్ గ్రంథిలో టి కణాలకు ఒక పరీక్ష జరుగుతుంది. సొంత ఒంటిని శత్రువనుకునేవీ, ఎవరినీ గుర్తుపట్టలేనివీ అక్కడే చచ్చిపోతాయి. నూటికి తొంభైకి పైగా ఆ గ్రంథి దాటి బయటకు రావు. ఎంసెట్ నయం, తప్పినవారు మళ్లీ రాసుకోవచ్చు. అయినా కొన్ని దొంగచాటుగా నెగ్గి వస్తాయి. వాటిని అదుపులో పెట్టే నియంత్రక టి కణాలను జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగూచి 1995లో పట్టుకున్నారు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ అదుపుకు మూలమైన జన్యువును కనుగొన్నారు. ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జన్యువు చెడిన మగపిల్లలకు ఇమ్యూనిటీ తక్కువేమీ ఉండదు. నెలల వయసులోనే వారి పేగులను, క్లోమాన్ని, చర్మాన్ని వారి సొంత కణాలే కాల్చుకు తింటాయి. "పదింతలు" అని రాసిన ప్రముఖ వైద్యుడు అటువంటి పిల్లవాడిని ఒక్కడినైనా చూసి ఉంటే ఆ మాట రాసేవాడు కాదు.

కోవిడ్ సంగతి మరచిపోయారా? 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే మందుల ప్రయోగం తేల్చింది ఏమిటి? వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడో వంతు తగ్గించిన మందు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. అది ఇమ్యూనిటీని అణచే మందు, పైగా చవక. వెంటనే ఒకటి ఒప్పుకోవాలి. అణచితే మంచిదట అని అదే మందును అవసరం లేనివారు కూడా ఇళ్లలో మింగారు. మధుమేహం, స్టెరాయిడ్లు కలిసి 2021లో మన ఆసుపత్రుల్లో నల్ల ఫంగస్‌కు ప్రత్యేక వార్డులు తెరవవలసి వచ్చింది. అందుకే పెంచడం, తగ్గించడం అనే భాషతోనే నాకు పేచీ.

రెండోది. రక్తంలో తెల్ల కణాలు మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 దాకా ఉండాలి. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో అవి ఒక్కోసారి లక్ష కూడా దాటుతాయి. ఈ లెక్కన మన ఊరి పహిల్వాన్లందరూ క్యాన్సర్ వార్డులో ఉన్నట్టు.

మూడోది. జ్వరం బయటి నుంచి వచ్చేది కాదు, మన ఒళ్లు తానే పెట్టుకునే పొయ్యి. క్రిములను చూసిన కణాలు రసాయనాల ద్వారా మెదడుకు కబురు పంపితే, అక్కడి హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడిని పైమెట్టుకు మారుస్తుంది. స్టెరాయిడ్లు వాడేవారికీ బాగా వయసు మళ్ళినవారికీ ఒక్కోసారి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో కూడా జ్వరం రాదు. డాక్టర్లు భయపడేది అప్పుడే.

నాలుగోది చదివి నవ్వాను. నిమ్మరసం పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే కొలత (ఏడుకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం), 9.9 అట! నిమ్మకాయ కోసినవాడెవడైనా ఆ మాట అంటాడా? రెండూ రెండున్నర మధ్య ఉంటుంది. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యన ఉండేలా ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ రాత్రింబవళ్లు కాపలా కాస్తాయి. అది నిజంగా క్షారం వైపు జరిగితే చచ్చేది వైరస్ కాదు. ఇక విటమిన్ సి గురించి, వారు అడగకపోయినా, ఒక చిన్న సాయం చేస్తాను. రోజూ మాత్రలుగా వాడిన పెద్దలకు జలుబు రాక తగ్గలేదు కానీ, వచ్చిన జలుబు ఉండే కాలం సుమారు 8 శాతం తగ్గిందని పరీక్షల్లో తేలింది. వారం జలుబులో అది పదమూడు గంటలు. ఆ పదమూడు గంటలు కావాలంటే జామకాయ తినండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఐదోది సగం తలకిందులు, సగం నిజం. అలర్జీ అంటే ఇమ్యూనిటీ లేకపోవడం కాదు, అనవసరమైన చోట చూపించడం. పేగుల్లో పురుగుల మీద ప్రయోగించవలసిన ఐజీఈ అనే రకం ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) పుప్పొడి మీద, రొయ్యల మీద, పాత దిండులోని దుమ్ము మీద ప్రయోగించడం. అలర్జీ అనే మాటను 1906లో పుట్టించినవాడు వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. ఆయన పేరు గుర్తుంచుకోండి, తట్టు దగ్గర మళ్లీ వస్తాడు.

పల్లె పిల్లల మాటకు మాత్రం నేను తల వంచుతాను. "రావు" అనడం ఎక్కువే కానీ, తక్కువగా వస్తాయనడానికి గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అనే రెండు రైతు సమాజాలు ఉన్నాయి. రెండింటి మూలాలూ యూరప్‌లోనివే, తిండీ తిప్పలూ దాదాపు ఒకటే. ఆమిష్‌లు ఇంటి పక్కనే కొట్టం పెట్టుకుని గుర్రాలతో సేద్యం చేస్తారు. హట్టరైట్‌లవి ఇళ్లకు దూరంగా యంత్రాలతో నడిచే పెద్ద క్షేత్రాలు. 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5 శాతం, హట్టరైట్ పిల్లల్లో 21 శాతం. గొడ్ల చావిడి దుమ్ములో ఏదో ఉంది. నా చిన్నతనమంతా అందులోనే గడిచింది కాబట్టి ఇది ఒప్పుకోవడానికి నాకు కొంత గర్వంగా కూడా ఉంది.

ఆరోది తిప్పతీగ. ఇక్కడ సరదా ఆపేస్తాను. మిరియాల చారు, శొంఠి కాఫీ గొంతుకు హాయి, జలుబు చేస్తే నేనూ తాగుతాను. కానీ తిప్పతీగ రోజుకు రెండుసార్లు, జీవితాంతం? 2020 చివరి నెలల్లో ముంబైలో ఆరుగురు కామెర్లతో, దెబ్బతిన్న కాలేయంతో డాక్టర్ల దగ్గరకు వచ్చారు. ఆరుగురూ కోవిడ్ భయంతో తిప్పతీగ వాడినవారే. డాక్టర్లు దానిని 2021లో ప్రచురించారు. తరువాత దేశంలోని 13 ఆసుపత్రులను కలిపి చూస్తే అటువంటివారు 43 మంది తేలారు. చాలామందిలో కనిపించిన లక్షణాలు, ఇమ్యూనిటీ సొంత కాలేయాన్ని కొరికే జబ్బును పోలి ఉన్నాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. అది అసలు తిప్పతీగ అయి ఉండదు, దాన్ని పోలిన మరో జాతి తీగ అయి ఉండవచ్చు అంది. సరే, ఆ వాదనే తీసుకుందాం. పొలం గట్టున, పార్కు గోడ మీద పాకిన తీగను తెంచుకొచ్చి మరిగించమని మీ సందేశం చెబుతోంది. ఏది అసలు తీగో, ఏది పోలిన తీగో మా పెద్దవదినకు ఎలా తెలుస్తుంది?

ఇంకొక మెలిక కూడా ఉంది. అది నిజంగా ఇమ్యూనిటీని తట్టిలేపితే మందు అవుతుంది, మందుకు ఉండే చెడు దానికీ ఉంటుంది. తట్టిలేపకపోతే సందేశం అబద్ధం. రెండింటిలో ఏది కావాలో వారే తేల్చుకోవాలి.

ఏడోది. యాంటీబాడీ, యాంటీబయాటిక్. రెండింటికీ ముందు "యాంటీ" ఉంది కాబట్టి మేనత్త మేనమామ పిల్లలనుకున్నట్టున్నారు. ప్రతిరక్షకం మన బి కణాలు తయారుచేసే ప్రోటీన్. యాంటీబయాటిక్ మందుల షాపులో దొరికే మాత్ర, బ్యాక్టీరియాను చంపుతుంది. ఎన్ని మింగినా ఒక్క ప్రతిరక్షకం కూడా పుట్టదు. చంపేవాటిలో మన పేగుల్లో బుద్ధిగా కాపురం చేసుకునేవి కూడా ఉంటాయి. చావనివి మొండికెత్తి మరుసటిసారి అదే మాత్రను లెక్కచేయవు. రోగం లేకుండా ఏడాదికొకసారి కోర్సు వేసుకోవడమంటే, దొంగలు రాని ఊళ్లో అమావాస్యకొకసారి గాలిలోకి కాల్పులు జరపడం. తూటాలు అయిపోతాయి, ఊళ్లోవాళ్లకు తగులుతాయి.

ఇక ఎనిమిదోది. సందేశంలో ఉన్నది ఉన్నట్టుగా: "తట్టు, ఆటలమ్మ, గవదబిళ్ళలు చిన్నతనంలో సహజంగా వచ్చి పోతేనే అసలైన ఇమ్యూనిటీ. టీకా ఇచ్చేది కృత్రిమం. పసివాళ్లకు ఒకేసారి ఇన్ని టీకాలు వేస్తే వారి ఇమ్యూనిటీ అలసిపోతుంది." పంపిన నా శిష్యుడికి ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు వేయాలి. మిగతా ఎనిమిది అంశాలకూ నవ్వి ఊరుకునేవాడినేమో. ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఆ పాపే.

ముందుగా వారిలో ఉన్న నిజం. తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదు, ఆ రక్షణ జీవితాంతం ఉంటుంది, ఈ విషయంలో సహజ రోగాన్ని మించినది లేదు. నేను ఊరికే ఒప్పుకోవడం లేదు, ఆధారం కూడా నేనే ఇస్తాను. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులకు 1846లో తట్టు వచ్చింది. 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా పడకేశారు. అక్కడికి వెళ్లిన యువ వైద్యుడు పీటర్ పానుమ్ ఒక వింత గమనించాడు. 1781లో వచ్చిన తట్టును అనుభవించిన ముసలివారిలో ఒక్కరికీ రెండోసారి రాలేదు. అరవై అయిదేళ్లు ఆ దీవుల్లో తట్టు ఊసే లేదు, అయినా వారి కణాలు మరచిపోలేదు. అంత గొప్ప జ్ఞాపకం.

దానికి చెల్లించే ధర మాటేమిటి? మా నాయనమ్మ ఎనిమిది మందిని కని ఐదుగురిని దక్కించుకుంది. పోయినవారిలో ఒకడి గురించి ఎప్పుడూ ఒకే మాట చెప్పేది: "తట్టు తగ్గిపోయిందిరా, వేపనీళ్లు కూడా పోశాం, ఆ తరువాత వానాకాలంలో విరేచనాలు పట్టుకుని పోయాడు." ఆమె లెక్కలో అవి రెండు వేరు వేరు సంగతులు. నా లెక్కలో కూడా చాలాకాలం అంతే.

ఇక్కడికి మళ్లీ ఫాన్ పిర్కే వస్తాడు. 1908లో ఆయన చూసినది ఇది. క్షయ పరీక్షకు చర్మం మీద సూదితో గీరితే ఎర్రబడే పిల్లలకు తట్టు రాగానే ఆ ఎరుపు రావడం ఆగిపోయింది. వారి ఒళ్లు క్షయను తాత్కాలికంగా మరచిపోయింది. ఎందుకో తేలడానికి వందేళ్లు పట్టింది. తట్టు వైరస్ ఒంట్లోకి చేరి వెతుక్కునే ఇల్లు జ్ఞాపక కణాలే. వాటి మీద ఉండే ఒక ప్రోటీన్‌ను గడియలా పట్టుకుని లోపలికి దూరి వాటినే నాశనం చేస్తుంది. నెదర్లాండ్స్‌లో మత విశ్వాసాల వల్ల టీకాలు వేయించని కుటుంబాల పిల్లలు 77 మందిలో తట్టుకు ముందు, తరువాత తీసిన రక్తాన్ని పోల్చి చూసిన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అంతకుముందు రకరకాల క్రిముల మీద సంపాదించుకున్న ప్రతిరక్షకాల వైవిధ్యంలో 11 నుంచి 73 శాతం దాకా మాయమైంది. టీకాలోని బలహీనపరచిన వైరస్ ఈ పని చేయదు.

మాన్యం పోలిక గుర్తుంది కదా. తట్టు మీ ఇంటికి వచ్చి తన పేరున ఒక శాశ్వత పట్టా చేతిలో పెడుతుంది. వెళుతూ వెళుతూ బీరువాలోని మిగతా పట్టాలకు నిప్పంటిస్తుంది. విరేచనాల పట్టా, న్యుమోనియా పట్టా, నిరుడు చలికాలంలో వారం రోజులు ముక్కు కారి సంపాదించుకున్న జలుబు పట్టా, అన్నీ. మళ్లీ ఒక్కొక్కటీ రోగం పడి సంపాదించుకోవలసిందే. నా పెదనాన్నో బాబాయో కావలసిన ఆ పిల్లవాడికి అంత వ్యవధి దొరకలేదు. ఇదేనా మీరు చెప్పే "అసలైన ఇమ్యూనిటీ"? ఇమ్యూనిటీ పెంచుకోవడానికి తొమ్మిది రహస్యాలు చెబుతూ, అందులో ఎనిమిదోదిగా, ఉన్న ఇమ్యూనిటీని తుడిచిపెట్టే రోగాన్ని ఇంటికి పిలవమంటారా? ఆ ప్రముఖ వైద్యుడి ప్రాముఖ్యం ఏ రంగంలోనో తెలుసుకోవాలని ఉంది.

టీకా రాకముందు ప్రపంచంలో ఏటా సుమారు 26 లక్షల మంది తట్టుతో పోయేవారు. 2023లో కూడా లక్షకు పైగా పోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. "మా రోజుల్లో అందరికీ వచ్చింది, ఏమైంది?" అనేవారు గ్రూపులో ఉన్నారు. ఏమీ కానివారే గ్రూపులో ఉంటారు మరి.

"సహజం" అన్న మాటకు కూడా మొక్కనక్కరలేదు. ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినవాడికి మళ్లీ ధనుర్వాతం రావచ్చు, తెలుసా? ఆ విషం ఎంత ఘాటైనదంటే, మనిషిని చంపడానికి చాలినంత కూడా ఇమ్యూనిటీకి పాఠం చెప్పడానికి చాలదు. కోలుకున్నవాడికి కూడా టీకా వేసే పంపుతారు. అక్కడ సహజం సున్నా, కృత్రిమానికి నూటికి నూరు. డెంగీ మరీ అన్యాయం. అందులో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక మరో రకం వస్తే, మొదటిసారి పుట్టిన ప్రతిరక్షకాలే వైరస్‌ను చేయి పట్టుకుని కణాల్లోకి తీసుకువెళ్లి రెండోసారి జబ్బును ముదిరేలా చేయగలవు. ఏటా వానాకాలంలో ప్లేట్‌లెట్ల లెక్కలు చదువుకునే మనకు సహజ ఇమ్యూనిటీ మహిమ ఇంకొకరు చెప్పాలా?

అలసిపోవడం గురించి. ఇమ్యూనిటీ కాడెద్దు కాదు, రెండో చాలు దున్నగానే డీలా పడడానికి. పుట్టిన కొన్ని గంటల్లోనే పసిగుడ్డు చర్మం మీద, పేగుల్లో లెక్కకు మించిన బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. టీకాల్లో ఉండే ప్రతిజనకాలు, అంటే ఇమ్యూనిటీ గుర్తుపట్టే క్రిమి ముక్కలు, దాని ముందు ఏపాటి? అమెరికా పిల్లల వైద్యుడు పాల్ ఆఫిట్, ఆయన సహచరులు 2002లో వేసిన లెక్క ప్రకారం పసివాడు సిద్ధాంతరీత్యా ఒకేసారి 10,000 టీకాలకు స్పందించగలడు. అయినా తొమ్మిది నెలల దాకా తట్టు టీకా ఎందుకు ఆపుతారు? అలసట వల్ల కాదు. కడుపులో ఉన్నప్పుడు అమ్మ నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు ఇంకా కాపలా ఉంటాయి, టీకా వైరస్‌ను అవే పట్టి అవతల పారేస్తాయి. అవి తగ్గేవరకు ఆగి ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య మరొకటి వేస్తారు.

"టీకా వేసుకున్నా రోగాలు రావడం లేదా?" అని మా పెద్దవదిన అడుగుతుంది. వస్తాయి వదినా. నువ్వు అనుకున్నదానికన్నా గట్టి ఉదాహరణ నేనే ఇస్తాను. మనకు పక్కనే తమిళనాడులో ఉన్న చెంగల్పట్టు జిల్లాలో 1968లో క్షయకు వేసే బీసీజీ టీకా మీద మహా పరీక్ష మొదలైంది. రెండు లక్షలకు పైగా జనం మీద ఏళ్ల తరబడి చూశారు. పెద్దల్లో ఊపిరితిత్తుల క్షయను ఆపడంలో బీసీజీ ప్రభావం దాదాపు శూన్యమని తేలింది. దాచలేదు, ప్రచురించారు. ఇప్పటికీ పుట్టగానే బీసీజీ వేస్తున్నది ఎందుకంటే, పసివాళ్లకు మెదడు పొరలకు పాకే క్షయ రాకుండా అది కాపాడుతుంది కాబట్టి. ఏ టీకా ఎంత పనిచేస్తుందో విడివిడిగా చూడాలి. తట్టు టీకా రెండు మోతాదులు పడితే నూటికి 97 మందిలో పనిచేస్తుంది. బీసీజీ చేసిన తప్పుకు తట్టు టీకాను శిక్షించకండి.

2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఈ టీకా ఉద్యమంలా వేశారు. అప్పుడు కూడా ఇటువంటి సందేశమే తిరిగింది. టీకా రోజున పిల్లలకు కడుపునొప్పి అని చీటీలు రాసి పంపిన తల్లిదండ్రులు నాకు తెలుసు. అందరూ చదువుకున్నవారే.

నిన్న నా శిష్యుడికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. కాసేపు విని, "మాస్టారూ, నేను మొత్తం చదవలేదు, మొదటి మూడు చూసి పంపాను" అన్నాడు. పాపకు టీకా తేదీ గోడ క్యాలెండరులో గుర్తు పెట్టి ఉందట. కోపం సగం దిగింది. చదవకుండా పంపినందుకు మిగతా సగం అలాగే ఉంచుకున్నాను.

తొమ్మిదోది మిగిలింది, జున్ను. తల్లి ముర్రుపాలు బిడ్డకు పట్టాలని రాసి ఉంటే చేతులెత్తి దండం పెట్టేవాడిని. రాసింది పెద్దవాళ్లు జున్ను తినాలని. ఆవు మాయ గుండా ప్రతిరక్షకాలు దూడకు చేరవు, అది దాదాపు ఖాళీ చేతులతో పుడుతుంది. మొదటి రోజు పాలలోనే అవన్నీ ఉంటాయి, ఆ ఒక్క రోజే దూడ పేగులు వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి పీల్చుకోగలవు. ఆ పాలలో అటువంటి ప్రోటీన్లు అంత చిక్కగా ఉండబట్టే కాచగానే గడ్డకడుతుంది. అంటే బెల్లం, యాలకులు వేసి మనం తినేది దూడకు అందవలసిన ప్రతిరక్షకాలను, అదీ ఉడికించి, పనికిరాకుండా చేసి. మిగిలిన పని కడుపులోని ఆమ్లం చూసుకుంటుంది. ఇమ్యూనిటీ రవ్వంత కూడా రాదు. రుచి మాత్రం అమోఘం, అబద్ధమాడను. మా పాలాయన ఆవు ఈ వారంలో ఈనుతుందట, జున్నుపాలు కావాలా అని అడిగాడు. దూడ కడుపునిండా తాగాక మిగిలితే తెమ్మన్నాను.